ద్విబంధం విచ్చుకున్నాక: ప్రతిక్షేపిత ఆల్కీన్‌ల సంకలన పాలిమరీకరణ

బోరుబావిలోకి దించే పీవీసీ గొట్టం, యూరియా నింపి వచ్చే తెల్లని సంచి, టీవీ పెట్టెలో మూలలకు అమర్చే థర్మకోల్, దోసెల పెనం మీది అంటుకోని పూత, విరిగిన బొమ్మను క్షణంలో అతికించే ఫెవిక్విక్ చుక్క చూపుకు ఒకదానితో ఒకటి పోలిక లేనివే అయినా, రసాయనశాస్త్రం దృష్టిలో ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబానికి మూలం ఇథిలీన్ అనే చిన్న అణువు. అందులో రెండు కార్బన్ పరమాణువులు ద్విబంధంతో కలిసి ఉంటాయి. ఒక్కో కార్బన్‌కు రెండేసి హైడ్రోజన్‌లు ఉంటాయి. ఇలా కార్బన్‌ల మధ్య ద్విబంధం ఉన్న హైడ్రోకార్బన్‌లను ఆల్కీన్‌లు అంటారు. ఇథిలీన్‌లోని ఒక హైడ్రోజన్‌ను తీసి ఆ చోట క్లోరిన్‌ను ఉంచితే వినైల్ క్లోరైడ్, మిథైల్ సమూహాన్ని ఉంచితే ప్రొపిలీన్, బెంజీన్ వలయాన్ని ఉంచితే స్టైరీన్ అవుతాయి. నాలుగు హైడ్రోజన్‌ల స్థానంలోనూ ఫ్లోరిన్‌లు చేరితే పెనం పూతకు మూలమైన టెట్రాఫ్లోరోఇథిలీన్ వస్తుంది. హైడ్రోజన్ స్థానంలోకి వచ్చిన పరమాణువును లేదా సమూహాన్ని ప్రతిక్షేపకం అనీ, దాన్ని ధరించిన ఆల్కీన్‌ను ప్రతిక్షేపిత ఆల్కీన్ అనీ వ్యవహరిస్తారు.

ఇటువంటి చిన్న అణువులు, అంటే మోనోమర్‌లు, వేలసంఖ్యలో ఒకదాని చివర ఒకటి చేరి పొడవైన గొలుసుగా, అంటే పాలిమర్‌గా మారేటప్పుడు వాటి నుంచి ఏ ముక్కా ఊడిపోకుండా ఉన్న పరమాణువులన్నీ గొలుసులోనే మిగిలితే ఆ చర్యను సంకలన పాలిమరీకరణ అంటారు. నైలాన్ తయారీలో కొత్త బంధం ఏర్పడిన ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుంది కనుక అది వేరే తరగతి. ఆల్కీన్‌ల నుంచి వచ్చే గొలుసులన్నిటికీ వెన్నెముక ఒకటే, కార్బన్‌కు కార్బన్ తగిలిన ఏకబంధాల వరస. అయినా ఒకటి గొట్టంగా, ఒకటి సంచిగా, ఒకటి జిగురుగా మారడానికీ, ఏ మోనోమర్ ఏ దారిలో గొలుసుగా మారగలదో, ఎంత వేడి పుట్టిస్తుందో, నిల్వ చేసిన ట్యాంకులో ఎంత నమ్మకంగా పడి ఉంటుందో తేలడానికీ కారణం ఆ పక్కన వేలాడే ప్రతిక్షేపకమే.

ద్విబంధంలోని రెండు బంధాలు సమానమైనవి కావు. రెండు కార్బన్‌ల కేంద్రకాలను కలిపే సరళరేఖ వెంబడి ఎలక్ట్రాన్‌లు గట్టిగా నిలిచే సిగ్మా బంధం ఒకటి కాగా, ఆ రేఖకు పైనా కిందా పలుచగా పరచుకొన్న ఎలక్ట్రాన్ మేఘం వల్ల ఏర్పడే పై బంధం రెండవది. పై బంధాన్ని తెంచడానికి ఒక మోల్‌కు సుమారు 270 కిలోజౌళ్ల శక్తి కావాలి. దాని బదులు పక్క అణువుతో ఏర్పడే కొత్త సిగ్మా బంధం సుమారు 350 కిలోజౌళ్లు విడుదల చేస్తుంది. తెంచడానికి పెట్టినదానికన్నా కట్టడం వల్ల వచ్చేది ఎక్కువ కనుక ఈ చర్య ఎప్పుడూ వేడిని బయటికి వదిలే ఉష్ణమోచక చర్యే. ఇథిలీన్ గొలుసుగా మారినప్పుడు మోల్‌కు దాదాపు 95 కిలోజౌళ్లు వెలువడతాయి. స్టైరీన్‌లో ద్విబంధపు ఎలక్ట్రాన్‌లు బెంజీన్ వలయంతో పంచుకొని ముందే కొంత స్థిరపడి ఉండడం వల్ల అది 70కి తగ్గుతుంది. ఒకే కార్బన్ మీద రెండు సమూహాలు ఇరుకుగా ఒత్తుకొనే మిథైల్ మెథాక్రిలేట్‌లో 56 దగ్గరికి దిగుతుంది. టెట్రాఫ్లోరోఇథిలీన్‌లో మాత్రం 150 దాటుతుంది.

శక్తిపరంగా లాభమే అయినా పై బంధం తనంతట తాను విచ్చుకోదు. దాన్ని విప్పడానికి బయటి నుంచి ఒక అణువు రావాలి. ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఆ పని చేసేది స్వేచ్ఛా ప్రాతిపదిక, అంటే జంట లేని ఒంటరి ఎలక్ట్రాన్‌ను మోస్తూ, దానికి జత కోసం అందిన బంధాన్నల్లా తాకే అణుశకలం. బెంజోయిల్ పెరాక్సైడ్ వంటి పదార్థంలో రెండు ఆక్సిజన్‌ల మధ్య బంధం చాలా బలహీనమైనది కనుక 80 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో అది సరిగ్గా మధ్యకు చీలి రెండు స్వేచ్ఛా ప్రాతిపదికలనిస్తుంది. ఇలా చర్యను మొదలుపెట్టే పదార్థాన్ని ప్రారంభకం అంటారు.

ఆ ప్రాతిపదిక స్టైరీన్ అణువును చేరినప్పుడు దానికి రెండు అవకాశాలుంటాయి: బెంజీన్ వలయం ఉన్న కార్బన్‌కు అంటుకోవడం, లేదా వలయం లేని ఖాళీ కార్బన్‌కు అంటుకోవడం. ఖాళీ కార్బన్‌కు అంటుకొన్నప్పుడు పై బంధంలో మిగిలిపోయిన ఎలక్ట్రాన్ వలయం ఉన్న కార్బన్ మీదికి చేరి, అక్కడి నుంచి వలయంలోని మరి మూడు స్థానాల మీదికి పరచుకొంటుంది. ఒంటరి ఎలక్ట్రాన్ ఒకేచోట ఇరుక్కోకుండా పలుచోట్లకు విస్తరిస్తే ఆ అణువు శక్తి తగ్గి స్థిరత్వం పెరుగుతుంది. దీన్నే రెజొనెన్స్ స్థిరీకరణ అంటారు. దానికితోడు వలయం ఉన్న కార్బన్ చుట్టూ చోటు తక్కువ, ఖాళీ కార్బన్ దగ్గర అడ్డు లేదు. రెండు కారణాలూ ఒకే దిక్కుకు నెట్టడం వల్ల వచ్చిన ప్రతి ప్రాతిపదికా దాదాపు తప్పకుండా ఖాళీ కార్బన్‌నే పట్టుకొంటుంది, వలయం ఉన్న కార్బన్ కొత్త ప్రాతిపదికగా మారుతుంది, అది మళ్లీ తర్వాతి స్టైరీన్ అణువులోని ఖాళీ కార్బన్‌ను పట్టుకొంటుంది. ఈ వరుసలో వలయం ఉన్న కార్బన్‌ను తల అనీ, లేని కార్బన్‌ను తోక అనీ పిలిస్తే, గొలుసంతా తలకు తోక తగులుతూ సాగుతుంది. ఫలితంగా ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ మీద ప్రతిక్షేపకం కనిపిస్తుంది.

కంటికి కనిపించని గొలుసులో ప్రతిక్షేపకాలు ఇలాగే అమరి ఉన్నాయని ఎవరు చూశారన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి 1939లో దొరికిన సమాధానం పాలిమర్ శాస్త్రంలోని అందమైన నిరూపణలలో ఒకటి. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కార్ల్ మార్వెల్ బృందం పీవీసీని ఒక ద్రావణిలో కరిగించి జింకు పొడితో కలిపి వేడిచేసింది. జింకు దగ్గరదగ్గరగా ఉన్న రెండు క్లోరిన్‌లను జంటగా లాగేసుకొంటుంది, ఒంటరిగా ఉన్నదాన్ని తాకదు. గొలుసులో తలకు తల తగిలి క్లోరిన్‌లు పక్కపక్క కార్బన్‌ల మీద జంటలుగా కూర్చొని ఉంటే, ప్రతి క్లోరిన్‌కూ తన జత సిద్ధంగా ఉంటుంది కనుక, దాదాపు మొత్తం క్లోరిన్ ఊడిపోవాలి. తల తోక అమరికలో మాత్రం అలా కుదరదు. వరుసలో సమదూరంలో నిలిచిన క్లోరిన్‌లలో జింకు ఏ ఇరుగుపొరుగు జంటను ముందుగా పట్టుకొంటుందో నియమమేమీ లేదు కాబట్టి, అటు పొరుగూ ఇటు పొరుగూ వేరే జంటల్లో కలిసిపోయి నడుమ ఒంటరిగా మిగిలిపోయేవి కొన్ని తప్పక ఉంటాయి. అవి ఎన్ని ఉంటాయో పాల్ ఫ్లోరీ అదే సంవత్సరం లెక్కగట్టాడు: ఇ అనే గణిత స్థిరాంకపు వర్గంతో ఒకటిని భాగించగా వచ్చే విలువ, అంటే నూటికి 13.5. మిగతా 86.5 శాతం క్లోరిన్ ఊడిరావాలి. మార్వెల్ పరీక్షలో ఊడివచ్చిన క్లోరిన్ ఆ అంకెకు దగ్గరగానే ఉంది. ఒక గాజుబుడ్డిలో మిగిలిపోయిన క్లోరిన్‌ను తూచి, ఏ సూక్ష్మదర్శినికీ అందని అమరికను తేల్చిన ఈ లెక్క ఫ్లోరీ తర్వాత చేసిన విస్తారమైన కృషికి తొలిమెట్లలో ఒకటి. ఆ కృషికి 1974లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఒకసారి మొదలైన గొలుసు పెరిగే వేగం ఆశ్చర్యపరుస్తుంది. 60 డిగ్రీల వద్ద శుద్ధమైన స్టైరీన్‌లో ఒక గొలుసు చివర సెకనుకు రెండు వేలకు మించి మోనోమర్‌లు వచ్చి చేరతాయి. పెరుగుతున్న రెండు గొలుసుల చివరలు ఎదురుపడినప్పుడు రెండు ఒంటరి ఎలక్ట్రాన్‌లూ జతకట్టి గొలుసులు ఒకటై ఆగిపోతాయి, లేదా ఒకదాని హైడ్రోజన్‌ను మరొకటి లాగుకొని రెండూ విడివిడిగా ఆగిపోతాయి. ప్రారంభం, ప్రవర్ధనం, సమాప్తి అని పాఠ్యపుస్తకాలు చెప్పే మూడు దశలు ఇవే. ఇందులో గుర్తుంచుకోవలసినది ఒకటుంది: చర్య సగంలో ఉన్నప్పుడు పాత్రలో సగం పొడవు గొలుసులు ఉండవు, పూర్తిగా పెరిగి ఆగిన గొలుసులూ, ఇంకా తాకబడని మోనోమర్‌లూ పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల ప్రారంభకాన్ని ఎక్కువ వేస్తే చర్య త్వరగా ముగుస్తుంది గాని, ఎదురుపడే చివరలు పెరిగి గొలుసులు పొట్టివైపోతాయి, వస్తువు పెళుసుగా వస్తుంది.

ఇంత చెప్పుకొన్న ఈ చర్యను మనిషి మొదట చూసింది తెలియకుండానే. 1839లో బెర్లిన్ నగరంలో మందులు తయారుచేసే ఎడువర్డ్ సైమన్ స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి నూనె వంటి ద్రవాన్ని దించి స్టైరాల్ అని పేరుపెట్టాడు. కొంతకాలానికి అది గట్టిపడి జెల్లీలా మారడం చూసి గాలిలోని ఆక్సిజన్ సోకి అలా అయిందనుకొన్నాడు. 1845లో బ్లిత్, హాఫ్‌మన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఆక్సిజన్ లేకుండా వేడిచేసినా ద్రవం అలాగే గట్టిపడుతుందనీ, గట్టిపడ్డ పదార్థంలో కార్బన్, హైడ్రోజన్‌ల నిష్పత్తి ఏమాత్రం మారలేదనీ చూపించారు. సంకలన పాలిమరీకరణ లక్షణమంతా ఆ పరిశీలనలోనే ఉంది. అయినా అణువులు నిజమైన బంధాలతో వేల యూనిట్ల గొలుసుగా మారగలవని హెర్మన్ స్టాడింగర్ 1920లో ప్రకటించేదాకా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు, పండితలోకం నమ్మలేదు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేసరికి 1953 వచ్చింది.

స్వేచ్ఛా ప్రాతిపదిక దారికి అన్ని ప్రతిక్షేపకాలూ లొంగవు. ప్రొపిలీన్‌లో ఉన్నది కేవలం మిథైల్ సమూహమే అయినా అదే పెద్ద అడ్డంకి. ద్విబంధం పక్కనే ఉన్న ఆ మిథైల్‌లోని హైడ్రోజన్ సులువుగా ఊడివస్తుంది. వచ్చిన ప్రాతిపదిక ద్విబంధాన్ని తెరిచే బదులు ఆ హైడ్రోజన్‌ను లాగేసుకొంటుంది. మిగిలిన శకలంలోని ఒంటరి ఎలక్ట్రాన్ పక్క ద్విబంధం మీదికి పరచుకొని ఎంతో స్థిరంగా ఉండిపోవడం వల్ల మరో ప్రొపిలీన్‌ను తాకే చురుకుదనం దానికి ఉండదు. గొలుసు మొలకలోనే ఆగిపోతుంది, బంక వంటి పొట్టి అణువులు తప్ప ఏమీ మిగలవు. చమురు శుద్ధి కర్మాగారాలలో ప్రొపిలీన్ పుష్కలంగా దొరుకుతున్నా చాలాకాలం దాన్ని ప్లాస్టిక్‌గా మార్చలేకపోవడానికి కారణం ఇదే.

ఆ ముడిని విప్పినది లోహ ఉత్ప్రేరకం. జర్మనీలో కార్ల్ జీగ్లర్ 1953లో టైటానియం క్లోరైడ్‌కు అల్యూమినియం ఆల్కైల్ సమ్మేళనం కలిపి ఇథిలీన్‌ను మామూలు పీడనం వద్దనే గొలుసుగా మార్చగా, మరుసటి సంవత్సరం ఇటలీలోని మిలాన్‌లో జూలియో నట్టా ఆ తరహా ఉత్ప్రేరకంతో ప్రొపిలీన్‌ను గొలుసు కట్టించాడు. ఇక్కడ గొలుసు చివర ద్రవంలో స్వేచ్ఛగా తిరగదు, టైటానియం పరమాణువుకు తగిలే ఉంటుంది. ప్రతి కొత్త ప్రొపిలీన్ అణువు లోహానికీ గొలుసుకూ నడుమనున్న ఇరుకు చోటులో ఒకే భంగిమలో దూరి చేరాలి. అందువల్ల మిథైల్ సమూహాలన్నీ గొలుసుకు ఒకే వైపు నిలుస్తాయి. ఈ అమరికను ఐసోటాక్టిక్ అంటారు. మిథైల్‌లు అటూ ఇటూ క్రమం లేకుండా ఉన్న గొలుసులు ఒకదానిమీద ఒకటి పొందికగా చేరలేవు కనుక ఆ పదార్థం మెత్తని బంకలా ఉంటుంది. ఒకే వైపు ఉన్నవి మరచుట్టులా తిరిగి, దగ్గరగా పేరుకొని స్ఫటికాలవుతాయి కనుక ఆ పదార్థం 160 డిగ్రీలు దాటేదాకా కరగదు. పరమాణువుల సంఖ్యలోనూ బంధాలలోనూ భేదం లేకుండా, కేవలం వైపు మారినందువల్ల ఒకటి బంకా ఒకటి సంచీ కావడం ఈ అధ్యాయంలోని విషయాలన్నిటిలోకీ విశేషమైనది. జీగ్లర్, నట్టా 1963లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఒంటరి ఎలక్ట్రాన్‌కు బదులు విద్యుదావేశంతో గొలుసును నడిపించే దారులూ ఉన్నాయి. ఒకే కార్బన్ మీద రెండు మిథైల్‌లున్న ఐసోబ్యుటిలీన్‌లో ఆ రెండూ తమ ఎలక్ట్రాన్‌లను కొంత అటు నెడతాయి కనుక ఆ కార్బన్ ధనావేశాన్ని మోయగలదు. అల్యూమినియం క్లోరైడ్ వంటి ఆమ్ల స్వభావపు ఉత్ప్రేరకంతో, ధనావేశమే గొలుసు చివరగా చర్య సాగుతుంది. అది ఎంత వేగంగా జరుగుతుందంటే, సున్నాకు దిగువన నూరు డిగ్రీల దాపుకు చల్లార్చి నడిపితే తప్ప పొడవైన గొలుసులు రావు. ట్యూబు లోపలి గాలిని బయటికి పోనివ్వని బ్యూటైల్ రబ్బరు అలా తయారవుతుంది.

ఫెవిక్విక్‌లో ఉండే సైనోఅక్రిలేట్ దీనికి సరిగ్గా ఎదురు. దాని ఒకే కార్బన్ మీద ఎలక్ట్రాన్‌లను తమవైపు బలంగా గుంజుకొనే సైనో సమూహం ఒకటి, ఎస్టర్ సమూహం ఒకటి ఉంటాయి. రుణావేశాన్ని ఈ రెండు సమూహాలూ పంచుకోగలవు కనుక అది ఆ కార్బన్ మీద హాయిగా నిలుస్తుంది. రుణావేశంతో మొదలుపెట్టడానికి దీనికి బలమైన రసాయనమేదీ అక్కరలేదు, గాజు మీద, చర్మం మీద, చెక్క మీద గాలిలోని తేమ వదిలే పలుచని నీటిపొరే చాలు. చుక్క పలుచగా పరచుకొన్నప్పుడు ప్రతి అణువుకూ ఆ తేమ దగ్గరలోనే ఉంటుంది కాబట్టి క్షణాల్లో గట్టిపడుతుంది. మందంగా పోస్తే లోపలిది పచ్చిగానే ఉండిపోతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టిగా అంటుకొంటుందనుకోవడం అందుకే పొరపాటు. సీసాలో అది ముందే గట్టిపడకుండా తయారీదారులు అతిస్వల్పంగా ఆమ్లాన్ని కలుపుతారు. కాలిన వేలు మీద నీళ్లు పోసినట్టు, ఆమ్లం రుణావేశాన్ని పుట్టిన చోటే ఆర్పేస్తుంది.

గొలుసు కట్టడం ఒకవైపు మాత్రమే నడిచే చర్య కూడా కాదు. వేడి పెరిగేకొద్దీ గొలుసు చివరి నుంచి మోనోమర్‌లు ఊడిపోయే వేగం పెరిగి, ఒక ఉష్ణోగ్రత దగ్గర చేరే వేగానికి సమానమవుతుంది. దాన్ని దాటితే పాలిమర్ ఏర్పడదు. ప్రతిక్షేపకాలు ఎంత ఇరుకుగా ఉంటే ఆ హద్దు అంత కిందికి దిగుతుంది: స్టైరీన్‌కు అది 300 డిగ్రీల పైన ఉండగా, అదే కార్బన్ మీద మరో మిథైల్ చేరిన ఆల్ఫా మిథైల్ స్టైరీన్‌కు 60 డిగ్రీల దగ్గరే ఉంది. అక్రిలిక్ రేకుల తుక్కును గట్టిగా వేడిచేసి మోనోమర్‌ను చాలావరకు తిరిగి రాబట్టుకోగలగడం ఈ గుణం వల్లనే. పీవీసీని అలా వేడిచేస్తే మోనోమర్ రాదు, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊడిపోయి మిగిలినది నల్లబడుతుంది; గొట్టాల తుక్కును బయట తగలబెట్టకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

స్టైరీన్‌కు మరే సాధారణ మోనోమర్‌కూ అంతగా లేని ఒక గుణముంది: ప్రారంభకం ఏదీ వేయకపోయినా, వేడి తగిలితే చాలు, దాని అణువులు రెండు ముందు జతగూడి, ఆ జత మూడో అణువుకు హైడ్రోజన్‌ను అందించి, రెండు స్వేచ్ఛా ప్రాతిపదికలను పుట్టిస్తాయి. బెంజీన్ వలయం ద్విబంధానికి ఆనుకొని ఉండడమే ఇందుకు మూలం. గట్టిపడే వేగం ఉష్ణోగ్రతను బట్టి విపరీతంగా మారుతుంది. శుద్ధమైన స్టైరీన్‌లో సగం గట్టిపడడానికి 29 డిగ్రీల దగ్గర దాదాపు 400 రోజులు పడితే, 127 డిగ్రీల దగ్గర నాలుగు గంటలూ, 167 డిగ్రీల దగ్గర పావుగంటా చాలు. పుట్టే వేడి సంగతి లెక్కచూస్తే, ఒక టన్ను స్టైరీన్‌లో పదోవంతు గొలుసులుగా మారితే వెలువడే వేడి, బయటికి పోయే దారి లేకపోతే, ఆ టన్నునంతటినీ 35 డిగ్రీలకు పైగా వేడెక్కిస్తుంది. తడిసిన గడ్డివామి లోలోపల వేడెక్కి చివరకు పొగలు కక్కినట్టే, పెద్ద ట్యాంకులో మధ్యనున్న ద్రవపు వేడి గోడలదాకా చేరలేక అక్కడే పేరుకొంటుంది. వేడి చర్యను వేగిరపరుస్తుంది, చర్య మరింత వేడిని పుట్టిస్తుంది.

అందుకే నిల్వచేసే స్టైరీన్‌లో టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని, పరిశ్రమ వాడుకలో టీబీసీని, పది లక్షల భాగాలలో 10 నుంచి 15 భాగాలు ఉండేట్టు కలుపుతారు. అది ఒంటరిగా సరిగా పనిచేయదు. పుట్టిన ప్రాతిపదికను ముందు ద్రవంలో కరిగిన ఆక్సిజన్ పట్టుకోవాలి. అలా ఏర్పడిన పెరాక్సీ ప్రాతిపదికకు టీబీసీ ఒక హైడ్రోజన్‌ను ఇచ్చి చల్లబరుస్తుంది. ఈ పనిలో ఆక్సిజనూ టీబీసీ కూడా ఖర్చైపోతూ ఉంటాయి, వేడి ఎక్కువైతే మరింత త్వరగా ఖర్చవుతాయి. పైగా టీబీసీ ఆవిరి కాదు. ట్యాంకు పైకప్పు కింద చల్లబడి చుక్కలుగా నిలిచే స్టైరీన్‌లో నిరోధకం లేక అక్కడ పాలిమర్ పేరుకొంటుంది. కాబట్టి ద్రవాన్ని చల్లబరచడం, తిప్పి కలపడం, టీబీసీని కొలిచి పూరించడం, ఆక్సిజన్ తగ్గకుండా చూడడం అనే నాలుగు పనులూ రోజూ జరగాలి, ఒక్కటి తప్పినా మిగతా మూడూ దాన్ని పూడ్చలేవు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో జరిగినది ఈ రసాయన చర్యే. కరోనా లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగిపోయి, 1,800 టన్నులకు పైగా స్టైరీన్ ఒకే ట్యాంకులో వేసవి ఎండలో వారాల తరబడి కదలకుండా ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో, ట్యాంకులో అడుగున తప్ప మధ్యనా పైనా ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదనీ, శీతలీకరణను రాత్రిళ్లు ఆపేసేవారనీ, ద్రవాన్ని తిప్పి కలిపే గొట్టాల అమరికను అంతకుముందే మార్చడంతో పైపొరలు సరిగా కలవలేదనీ, కలపడానికి టీబీసీ నిల్వ లేదనీ పేర్కొన్నది. అడుగున ఉన్న ఉష్ణమాపకం చల్లని అంకెను చూపుతుండగా పై ద్రవం లోలోపల గొలుసులు కడుతూ 145 డిగ్రీల మరుగు స్థానాన్ని దాటి, ఆవిరై, నిద్రలో ఉన్న ఇళ్లమీద పడింది. హెచ్చరించే సైరన్లు మోగలేదు. పన్నెండు మంది ప్రాణాలు కోల్పోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఇందులో శాస్త్రానికి కొత్తదేమీ లేదు. వేడి తగిలితే స్టైరీన్ తనంతట గట్టిపడుతుందని అప్పటికి 175 ఏళ్లుగా తెలుసు, దాన్ని ఆపే పద్ధతీ పరిశ్రమకు తెలుసు. తెలుగునేల మీద మోనోమర్ నిల్వలున్న ప్రతి కర్మాగారంలోనూ ట్యాంకు అడుగునా నడుమా పైనా ఉష్ణోగ్రత ఎంతో, నిరోధకం ఎంత మిగిలిందో, కరిగిన ఆక్సిజన్ ఎంతుందో ప్రతిరోజూ రాసిపెట్టాలి. గోడ అవతల నివసించే ఊరివాళ్లకు ఆ అంకెలను అడిగి తెలుసుకొనే హక్కు ఉండాలి.